అసైన్‌మెంట్ల స్వీకరణ: సెట్టింగుల నుంచి మార్కుల విడుదల దాకా

ఆన్‌లైన్‌లో అసైన్‌మెంటు ఇవ్వడం చాలామందికి తెలుసు. వచ్చినవాటిని గందరగోళం లేకుండా స్వీకరించి, దిద్ది, తిరిగి అందజేయడం ఎలాగో వరుసగా చెప్పమని అధ్యాపకులు పదేపదే అడుగుతున్నందువల్ల ఈ మార్గదర్శిని రాస్తున్నాను. ఇందులోని సెట్టింగుల పేర్లు ఆన్‌లైన్ కోర్సులు నడిపే మూడుల్ అనే వేదికలోని అసైన్‌మెంట్ యాక్టివిటీకి చెందినవి. అలాంటి వేదికలే అయిన గూగుల్ క్లాస్‌రూమ్, కాన్వాస్ వాడేవారికి పేర్లు మారతాయి గాని పని జరిగే క్రమం మారదు. తేడా ముఖ్యమైన చోట విడిగా చెప్పాను.

గడువు దాటాక తలెత్తే తగాదాలలో చాలావాటిని, అసైన్‌మెంటు విద్యార్థుల కంట పడకముందే తప్పించవచ్చు. అందువల్ల ఈ మార్గదర్శిలో దాదాపు సగం దూరం వరకు విద్యార్థి ప్రవేశించడు.

## 1. సెట్టింగులు తెరవకముందు తేల్చుకోవలసినవి

సెట్టింగుల పేజీ తెరిచి, ఒక్కొక్క ప్రశ్న ఎదురైనప్పుడల్లా అప్పటికప్పుడు నిర్ణయం తీసుకుంటూ పోతే, ఆ నిర్ణయాలు ఒకదానితో ఒకటి పొసగవు. ఉదాహరణకు ఆలస్యంగా వచ్చినవాటికి మార్కులు తగ్గిస్తామని సూచనల్లో రాసి, ఆలస్యంగా అసలు సమర్పించనివ్వని విధంగా తేదీలు పెట్టడం తరచుగా కనిపించే పొరపాటు. కింది ప్రశ్నలకు ముందు కాగితం మీద సమాధానాలు రాసుకోవడం మంచిది.

- విద్యార్థి ఇవ్వవలసింది ఫైలా, పేజీలోనే టైపు చేసే పాఠమా, రెండూనా?
- ఆలస్యంగా వస్తే తీసుకుంటారా? ఎన్నాళ్ల వరకు? ఎంత తగ్గింపుతో?
- ఒకసారి ఇచ్చాక మార్చుకునే అవకాశం ఉందా?
- దిద్దేది ఒకరా, పలువురా? పలువురైతే ఎవరి వంతు ఏది?
- మార్కులు ఎవరివి వారికి వెంటనే కనబడాలా, అందరికీ ఒకేసారి కనబడాలా?
- ఇది గ్రూపు పనా, ఎవరికి వారు చేసే పనా?

చివరి ప్రశ్నకు సమాధానం తర్వాత మారే వీలు లేదు. సమర్పణలు రావడం మొదలయ్యాక గ్రూపు సమర్పణను గాని, విద్యార్థి పేరు కనబడకుండా దిద్దే అనానిమస్ సబ్‌మిషన్ల పద్ధతిని గాని మార్చడానికి మూడుల్ అంగీకరించదు.

## 2. తేదీలు పెట్టడం

మూడుల్‌లో విద్యార్థికి సంబంధించిన తేదీలు 3 ఉన్నాయి. వాటి మధ్య తేడా స్పష్టంగా తెలియకపోవడమే ఎక్కువ చిక్కులకు మూలం.

అలౌ సబ్‌మిషన్స్ ఫ్రమ్ అనేది సమర్పణలు తెరుచుకునే క్షణం. అంతకుముందు విద్యార్థి ఏమీ ఇవ్వలేడు. ప్రశ్న మాత్రం ముందే కనబడాలా వద్దా అన్నది "ఆల్వేస్ షో డిస్క్రిప్షన్" అనే మరొక ఎంపిక నిర్ణయిస్తుంది. దాన్ని తీసివేస్తే ప్రశ్న కూడా ఆ క్షణం వరకు దాగి ఉంటుంది.

డ్యూ డేట్ అనేది గడువు. అయితే ఇది తలుపు మూయదు. ఈ తేదీ దాటాక వచ్చిన సమర్పణను వ్యవస్థ స్వీకరించి, ఎంత ఆలస్యమైందో పక్కన చూపిస్తుంది, అంతే.

కట్ ఆఫ్ డేట్ అనేది నిజంగా తలుపు మూసేది. ఇది దాటాక మీరు ప్రత్యేకంగా పొడిగింపు ఇస్తే తప్ప విద్యార్థికి సమర్పించే బటనే కనబడదు. కొత్త అసైన్‌మెంటులో ఇది మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. అలాగే వదిలేస్తే గడువు ముగిసిన నెల తర్వాత కూడా ఫైళ్లు వస్తూనే ఉంటాయి.

"రిమైండ్ మీ టు గ్రేడ్ బై" అనే నాలుగో తేదీ కూడా అక్కడే ఉంటుంది. అది మీరు దిద్దడం ముగించవలసిన తేదీని మీకు గుర్తు చేయడానికే గాని విద్యార్థికి సంబంధించినది కాదు.

ఇక సమయం సంగతి. తేదీ పక్కన గంటలు, నిమిషాలు ఉంటాయి; కొత్త అసైన్‌మెంటులో అవి 00:00గా వస్తాయి. గడువు 15వ తేదీ 00:00 అని ఉంటే, 14వ తేదీ అర్ధరాత్రితోనే గడువు తీరిపోయిందని అర్థం. విద్యార్థులు మాత్రం 15వ తేదీ రోజంతా తమదే అనుకుంటారు. వారిని తప్పుపట్టలేము. రోజంతా ఇవ్వాలనుకుంటే 23:59 అని పెట్టండి.

నా సలహా మాత్రం అర్ధరాత్రి గడువు వద్దనే. సాయంత్రం 5 గంటలకు గడువు పెడితే, చివరి గంటలో అప్‌లోడ్ ఆగిపోయిన విద్యార్థికి సహాయం చేయడానికి మీరో, సాంకేతిక సిబ్బందో అందుబాటులో ఉంటారు. అర్ధరాత్రి గడువు ఉదారంగా కనిపిస్తుంది గాని, ఇబ్బంది వచ్చినప్పుడు విద్యార్థిని ఒంటరిగా వదిలేస్తుంది.

మూడుల్ ప్రతి ఒక్కరికీ వారి ప్రొఫైల్‌లో ఉన్న టైమ్ జోన్ ప్రకారం సమయాన్ని చూపిస్తుంది. వేర్వేరు దేశాల విద్యార్థులున్న కోర్సులో గడువును సూచనల్లో మళ్లీ రాస్తే, ఏ టైమ్ జోనో కూడా రాయాలి. లేదా తేదీని అక్కడ రాయకుండా పేజీలో కనబడేదాన్నే ప్రమాణంగా తీసుకొమ్మని చెప్పాలి. రెండోది మేలు, ఎందుకంటే గడువును తర్వాత మార్చినప్పుడు సూచనల్లోని పాత తేదీ దిద్దకుండా మిగిలిపోయే ప్రమాదం ఉండదు.

కాన్వాస్‌లో ఈ మూడింటికి సమానమైనవి "అవైలబుల్ ఫ్రమ్", "డ్యూ", "అంటిల్".

## 3. ఏ రూపంలో తీసుకోవాలో నిర్ణయించడం

ఫైళ్ల రూపంలో తీసుకుంటున్నట్లయితే 3 హద్దులు పెట్టాలి: గరిష్ఠంగా ఎన్ని ఫైళ్లు, ఒక్కో ఫైలు పరిమాణం ఎంత, ఏ రకం ఫైళ్లు.

ఫైలు రకాన్ని వదిలేయకండి. ఏమీ పేర్కొనకపోతే ఏ రకమైనా వస్తుంది. ఐఫోన్‌తో తీసిన హెచ్‌ఈఐసీ ఫొటోలు, మీ కంప్యూటర్‌లో లేని సాఫ్ట్‌వేర్ ఫైళ్లు, జిప్‌లో మరో జిప్, ఇలా అన్నీ వచ్చి చేరతాయి. రాతపనికి పీడీఎఫ్ ఒక్కటే అడగడం ఉత్తమం. మూడుల్‌లో పీడీఎఫ్ మీద నేరుగా బ్రౌజర్‌లోనే గీతలు గీసి వ్యాఖ్యలు రాయవచ్చు. వర్డ్ ఫైళ్లకూ ఆ సదుపాయం కావాలంటే వాటిని పీడీఎఫ్‌గా మార్చే కన్వర్టర్‌ను సర్వర్‌లో అమర్చి ఉండాలి.

పరిమాణం విషయంలో ఒక మెలిక ఉంది. అసైన్‌మెంటు హద్దు కోర్సు హద్దును, కోర్సు హద్దు సైటు హద్దును, సైటు హద్దు సర్వర్‌లోని పీహెచ్‌పీ (మూడుల్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) హద్దును దాటలేవు. వీడియో సమర్పణకు 500 ఎంబీ పెడదామనుకున్నా జాబితాలో అంత పెద్ద అంకె కనబడకపోతే, లోపం మీ దగ్గర కాదు, పైన ఉంది. అడ్మినిస్ట్రేటర్‌ను అడగాలి.

క్లౌడ్‌లోని డాక్యుమెంటుకు లింకు మాత్రం ఇస్తే దాన్ని సమర్పణగా తీసుకోకండి. లింకు వెనుక ఉన్న డాక్యుమెంటును గడువు తర్వాత కూడా మార్చవచ్చు, తొలగించవచ్చు. మీకు చూసే అనుమతి లేకపోవచ్చు. గూగుల్ క్లాస్‌రూమ్‌లో జతచేసి "టర్న్ ఇన్" చేసిన డాక్యుమెంటు సంగతి వేరు. అక్కడ సమర్పించిన తర్వాత, దాన్ని వెనక్కి తీసుకుంటే తప్ప, విద్యార్థి దాన్ని మార్చలేడు.

గ్రూపు సమర్పణ అయితే "రిక్వైర్ గ్రూప్ టు మేక్ సబ్‌మిషన్" అనేది తప్పక ఆన్ చేయండి. చేయకపోతే ఏ గ్రూపులోనూ లేని విద్యార్థులందరినీ మూడుల్ ఒకే డిఫాల్ట్ గ్రూపుగా లెక్కగడుతుంది. వారిలో ఒకరు ఇచ్చిన ఫైలు మిగతా అందరి ఫైలుగా నమోదవుతుంది.

## 4. చిత్తుప్రతా, తుది సమర్పణా

"రిక్వైర్ స్టూడెంట్స్ టు క్లిక్ ద సబ్‌మిట్ బటన్" అనే ఎంపిక చూడడానికి చిన్నది. గడువు తర్వాత వచ్చే "నేను ఇచ్చాను" అనే ఫిర్యాదులు చాలావరకు దీని చుట్టూనే తిరుగుతాయి.

ఇది ఆఫ్లో ఉంటే, విద్యార్థి ఫైలు పెట్టి సేవ్ చేయగానే అది సమర్పణ అయిపోతుంది. కట్ ఆఫ్ వరకు దాన్ని ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. మీరు దిద్దిన తర్వాత కూడా కొత్త ఫైలు పెట్టవచ్చు. అప్పుడు మీరు మార్కులు వేసినది ఒకటి, అక్కడ ఉన్నది మరొకటి అవుతుంది.

ఇది ఆన్లో ఉంటే, సేవ్ చేసినది చిత్తుప్రతిగానే ఉంటుంది. విద్యార్థి మరొక బటన్ నొక్కి ఖాయం చేసినప్పుడే అది సమర్పణ అవుతుంది, ఆ తర్వాత తనంతట తాను మార్చలేడు. ఇక్కడ ప్రమాదం వేరు: ఫైలు పెట్టాం కదా, పని అయిపోయింది అనుకొని రెండో బటన్ నొక్కకుండా వెళ్లిపోయేవారు ప్రతి తరగతిలోనూ ఉంటారు.

ఏది మంచిది? చిన్న, వారం వారం ఇచ్చే పనులకు ఆఫ్‌లో ఉంచి, దిద్దడం మొదలుపెట్టే ముందు మీరే తాళం వేయడం సులువు. తాళం వేసే పద్ధతి 7వ భాగంలో ఉంది. ఎక్కువ మార్కులున్న పనికి, స్వంతంగా చేశానని విద్యార్థి ఒప్పుకొనే ప్రకటన అవసరమైన చోట, ఆన్‌లో ఉంచాలి. ఆన్‌లో ఉంచితే మాత్రం సూచనల్లో ఈ వాక్యం చేర్చండి: "ఫైలు సేవ్ చేస్తే సరిపోదు, సమర్పణ స్థితి 'సబ్‌మిటెడ్ ఫర్ గ్రేడింగ్' అని కనబడేవరకు మీ పని పూర్తి కానట్టే."

## 5. విద్యార్థి కంటితో ఒకసారి చూడడం

సెట్టింగులు సేవ్ చేసిన వెంటనే ప్రకటన పెట్టేయకండి. "స్విచ్ రోల్" ద్వారా విద్యార్థి పాత్రలోకి మారి చూడడం పేజీ ఎలా కనబడుతుందో తెలుసుకోవడానికి పనికొస్తుంది గాని, సమర్పణ మొత్తాన్ని పరీక్షించడానికి చాలదు. కోర్సులో విద్యార్థిగా నమోదైన ఒక పరీక్ష ఖాతా అడిగి తీసుకోండి. దానితో ఈ పనులు చేయండి.

- ఫోను నుంచి ఒక ఫైలు పెట్టి చూడండి. విద్యార్థులలో చాలామంది ఫోన్లోనే చేస్తారు.
- అనుమతి లేని రకం ఫైలు పెట్టి, దాన్ని తిరస్కరిస్తున్నదో లేదో చూడండి.
- సమర్పించాక స్థితి ఏమని కనబడుతున్నదో చూసి, ఆ మాటనే సూచనల్లో వాడండి.
- మీ వైపు నుంచి మార్కులు వేసి, అవి విద్యార్థికి ఎప్పుడు, ఎలా కనబడుతున్నాయో చూడండి.

ఈ పరీక్ష వల్ల పైన చెప్పిన గ్రూపు, అనానిమస్ సెట్టింగులు బిగుసుకుపోవచ్చు. వాటిని ముందే సరిచూసుకోండి, లేదా అసైన్‌మెంటుకు ఒక నకలు తీసి నకలు మీద పరీక్షించండి.

## 6. సూచనల్లో ఏం రాయాలి

క్లుప్తంగా రాయండి. ఏం చేయాలి, ఏ రూపంలో ఇవ్వాలి, ఫైలుకు ఏ పేరు పెట్టాలి, దేనికి ఎన్ని మార్కులు, ఆలస్యమైతే ఏమవుతుంది, ఇబ్బంది వస్తే ఎవరిని అడగాలి: ఇంతే. పేరు దాచి దిద్దే పద్ధతి పెట్టుకుంటే, ఫైలు పేరులోను, మొదటి పేజీలోను తమ పేరు రాయవద్దని విద్యార్థులకు చెప్పాలి. వ్యవస్థ జాబితాలో పేరును దాచగలదు గాని, ఫైలు లోపలి పేరును దాచలేదు.

మరొక వాక్యం తప్పక చేర్చండి. అప్‌లోడ్ చేసిన ఫైలును అక్కడినుంచే మళ్లీ దించుకొని తెరిచి చూడమని చెప్పండి. ఖాళీ ఫైలు, పాడైన ఫైలు, వేరే సబ్జెక్టు ఫైలు, ఈ మూడూ అక్కడే పట్టుబడతాయి.

## 7. గడువు దగ్గరపడ్డాక, దిద్దేటప్పుడు

పొడిగింపులు. ఒక విద్యార్థికి గడువు పొడిగించడానికి 2 మార్గాలు ఉన్నాయి. "గ్రాంట్ ఎక్స్‌టెన్షన్" కట్ ఆఫ్ దాటాక కూడా ఆ ఒక్కరికి తలుపు తెరుస్తుంది. "ఓవర్‌రైడ్" అయితే ఆ విద్యార్థికో, ఒక గ్రూపు మొత్తానికో తేదీలన్నింటినీ వేరుగా పెట్టడానికి వీలిస్తుంది. హఠాత్తుగా వచ్చిన ఇబ్బందికి మొదటిది, పరీక్షల్లో అదనపు సమయానికి అర్హత ఉన్నవారికి రెండోది సరిపోతాయి. ఏదైనా ప్లాట్‌ఫామ్ లోపలే నమోదు చేయండి. ఫోన్లో సరే అనేసి సెట్టింగ్ మార్చకపోతే, రేపు దిద్దే మరొక అధ్యాపకుడికి ఆ సమర్పణ ఆలస్యంగానే కనబడుతుంది. ఒకరి కోసం అందరి కట్ ఆఫ్‌ను జరపడం మాత్రం ఎప్పుడూ చేయకండి.

ఇవ్వనివారికి గుర్తుచేయడం. గడువుకు ముందురోజు సమర్పణల జాబితాలో ఫిల్టర్ పెట్టి, ఏమీ ఇవ్వనివారిని, చిత్తుప్రతిలో వదిలేసినవారిని వేరు చేసి సందేశం పంపండి. ఇద్దరికీ ఒకే సందేశం పంపవద్దు. చిత్తుప్రతిలో వదిలేసినవారికి "మీరు ఒక బటన్ నొక్కాలి" అని చెబితే చాలు.

తాళం వేయడం. దిద్దడం మొదలుపెట్టే ముందు జాబితాలో అందరినీ ఎంచుకొని సమర్పణలను లాక్ చేయండి. కట్ ఆఫ్ తేదీ దాటిపోయి, ఎవరికీ పొడిగింపు లేకపోతే ఇది అవసరం లేదు.

మార్కులు వేసే పద్ధతి. 30 మందికి మించిన తరగతిలో, లేదా ఇద్దరు కలిసి దిద్దే చోట, రూబ్రిక్ (ఏ అంశానికి, ఏ స్థాయికి ఎన్ని మార్కులో చూపే పట్టిక) లేకుండా దిద్దకండి. మొదటి 10 పత్రాలకూ చివరి 10 పత్రాలకూ కొలత ఒకటిగా ఉండడానికి అది తప్పనిసరి. రూబ్రిక్‌లో ప్రతి అంశానికీ అట్టడుగు స్థాయిని 0తో మొదలుపెట్టండి. అది 1తో మొదలైతే లెక్కగట్టే తీరు మారి, మీరు ఊహించిన మొత్తం రాకపోవచ్చు. రూబ్రిక్‌ను చిత్తుగా సేవ్ చేసి వదిలేస్తే దిద్దే పేజీలో కనబడదు. దాన్ని వాడకానికి సిద్ధమైనదిగా సేవ్ చేయాలి.

ఇంటర్నెట్ లేకుండా దిద్దడం. సమర్పణలన్నింటినీ ఒకే జిప్‌గా దించుకొని, వ్యాఖ్యలు రాసిన ఫైళ్లను అదే విధంగా జిప్ చేసి తిరిగి ఎక్కించవచ్చు. మార్కుల కోసం గ్రేడింగ్ వర్క్‌షీట్ అనే సీఎస్‌వీ ఫైలు (ఎక్సెల్ వంటివాటిలో తెరుచుకునే పట్టిక) ఉంటుంది. ఈ పద్ధతిలో పాటించవలసినవి:

- జిప్‌లోని ఫైళ్ల పేర్లు, ఫోల్డర్ల పేర్లు మార్చకూడదు. ఏ ఫైలు ఎవరిదో వ్యవస్థ ఆ పేర్లనుబట్టే గుర్తుపడుతుంది.
- వర్క్‌షీట్‌లోని ఐడెంటిఫయర్ (ఏ మార్కు ఎవరిదో గుర్తించే సంఖ్య) నిలువు వరుసను ముట్టుకోకూడదు. మార్కుల నిలువు వరుసను, వ్యాఖ్యల నిలువు వరుసను మాత్రమే నింపాలి.
- సీఎస్‌వీని యూటీఎఫ్-8 (అన్ని లిపులనూ నిలిపే అక్షర సంకేత పద్ధతి) రూపంలోనే సేవ్ చేయాలి. లేకపోతే ఇంగ్లిషేతర లిపిలో ఉన్న పేర్లు, వ్యాఖ్యలు ప్రశ్నార్థకాలుగా మారతాయి.
- షీటు దించుకున్న తర్వాత వెబ్‌లో నేరుగా మార్కులు మార్చకూడదు. మార్చితే ఆ విద్యార్థి అడ్డు వరుసను ఎక్కించేటప్పుడు మూడుల్ వదిలేస్తుంది, మీరు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప.

సారూప్యతను చూపే సాఫ్ట్‌వేర్ ఇచ్చే శాతాన్ని తీర్పుగా తీసుకోకూడదు. ఉటంకింపులు, ఆధారాల జాబితా, ప్రశ్నపత్రంలోని వాక్యాలు కూడా అందులో లెక్కకు వస్తాయి. నివేదిక తెరిచి ఏ వాక్యాలు కలిశాయో చూసిన తర్వాతే ఒక నిర్ణయానికి రావాలి.

## 8. మార్కులు విడుదల చేయడం

ఒక్కొక్కరి పత్రం దిద్దుతున్నకొద్దీ మార్కులు బయటికి పోతే, మొదట చూసుకున్నవారు తక్కినవారికి చెప్పడం, మీరు ఇంకా సగంలో ఉండగానే పునఃపరిశీలన కోరడం మొదలవుతాయి. "మార్కింగ్ వర్క్‌ఫ్లో" ఆన్ చేస్తే ఈ తలనొప్పి ఉండదు. ప్రతి సమర్పణకూ ఒక స్థితి ఉంటుంది; దాన్ని "రిలీజ్డ్"కు మార్చేవరకు మార్కులు గాని వ్యాఖ్యలు గాని విద్యార్థికి కనబడవు. అందరివీ పూర్తయ్యాక ఒకేసారి ఎంచుకొని మార్చవచ్చు.

పేరు దాచి దిద్దినట్లయితే మరొక మెట్టు ఉంది. "రివీల్ స్టూడెంట్ ఐడెంటిటీస్" నొక్కేవరకు మార్కులు గ్రేడ్‌బుక్‌లోకి, అంటే కోర్సు మార్కుల పట్టికలోకి, చేరవు. ఒకసారి నొక్కితే వెనక్కి తిప్పలేము. కాబట్టి పొడిగింపు పొందినవారి పత్రాలతో సహా అన్నీ దిద్దిన తర్వాతే నొక్కండి.

గూగుల్ క్లాస్‌రూమ్‌లో ఈ పనిని "రిటర్న్" బటన్ చేస్తుంది. మార్కు టైపు చేసినంత మాత్రాన అక్కడ విద్యార్థికి చేరదు.

## 9. తరచుగా ఎదురయ్యే చిక్కులు, సవరణలు

"ఇచ్చాను, కాని ఇవ్వలేదని చూపిస్తోంది." ముందు స్థితి చూడండి. చిత్తుప్రతిగా ఉంటే, కోర్సు లాగ్‌లో (ఎవరు ఎప్పుడు ఏం చేశారో వ్యవస్థ రాసుకునే చిట్టాలో) ఆ విద్యార్థి పేరుతో వెతికి ఫైలు ఎప్పుడు పెట్టాడో తెలుసుకోండి. గడువులోపే పెట్టి ఉంటే, పొడిగింపు ఇచ్చి బటన్ నొక్కించడం న్యాయం. లాగ్‌లో ఏమీ లేకపోతే స్క్రీన్‌షాట్‌ను ఆధారంగా తీసుకోవద్దు.

తప్పు ఫైలు పెట్టి ఖాయం చేశాడు. "రివర్ట్ టు డ్రాఫ్ట్" చేస్తే విద్యార్థి ఫైలు మార్చుకోవచ్చు. గడువు తర్వాత ఇలా చేస్తే మొదటి ఫైలు ఆనవాలు మిగలదు. పాతదీ కొత్తదీ రెండూ ఉండాలంటే అదనపు ప్రయత్నం, అంటే మరొక అటెంప్ట్ ఇవ్వడం సరైన పద్ధతి.

దిద్దిన తర్వాత గరిష్ఠ మార్కులు మార్చవలసి వచ్చింది. ఇప్పటికే వేసిన మార్కులను కొత్త కొలతకు సరిదిద్దాలా అని మూడుల్ అడుగుతుంది. ఏదో ఒకటి నొక్కకండి. 50కు 40 వేసినది 100 మార్కుల కొలతలో 80 కావాలా, 40గానే ఉండాలా అన్నది తేల్చుకొని, ముందు గ్రేడ్‌బుక్ నకలు దించుకొని అప్పుడు మార్చండి.

గ్రూపులో ఒకరికి వేసిన మార్కు అందరికీ పడింది. గ్రూపు సమర్పణలో మార్కును గ్రూపంతటికీ వర్తింపజేయడం మామూలుగా ఆన్‌లో ఉంటుంది. దిద్దే పేజీలోనే దాన్ని "నో"కు మార్చి, ఆ విద్యార్థికి విడిగా వేయండి.

విద్యార్థికి అసైన్‌మెంటే కనబడటం లేదు. యాక్టివిటీ దాచబడి ఉందా, దానికి ఏదైనా షరతు పెట్టారా, విద్యార్థి సరైన గ్రూపులో ఉన్నాడా అన్నవి ఇదే వరుసలో చూడండి.

## 10. కోర్సు ముగిశాక

పునఃపరిశీలన గడువు తీరేవరకు ఏదీ తొలగించకండి. ఆ తర్వాత, మీ సంస్థ నియమం ఎంతకాలం దాచమంటే అంతకాలం దాచవలసినవి ఇవి.

- సమర్పణలన్నింటి జిప్
- గ్రేడ్‌బుక్ ఎగుమతి
- రూబ్రిక్, సూచనల నకలు
- పొడిగింపుల జాబితా

కోర్సును కొత్త తరగతి కోసం తిరిగి వాడుకోవాలంటే, ఉన్న కోర్సులోనే పాత సమర్పణలను చెరిపేయడం కన్నా, విద్యార్థుల డేటా లేకుండా బ్యాకప్ తీసి దాన్ని కొత్త కోర్సుగా తెరవడం భద్రం. తెరిచాక మొట్టమొదట తేదీలన్నింటినీ కొత్తగా పెట్టి, ఆ తర్వాతే విద్యార్థులను చేర్చండి.